ఊలు ఉండలో చక్రం

మా చెల్లెలు స్టానా పుట్టిన రోజున మా నాన్న ఒక్క తూటా కూడా పేల్చలేదు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు, ఎందుకంటే పేలుస్తాడని ఆ రోజు ఊరంతా చెవులు రిక్కించుకుని కూర్చుంది.

మా కొండల్లో మగపిల్లాడు పుడితే ఇంటి యజమాని గడప మీద నిలబడి తుపాకీ పేలుస్తాడు. ఎదుటి కొండవాళ్లు విని తమ తుపాకులతో జవాబిస్తారు. కాసేపట్లో లోయంతా మోత మోగిపోతుంది. ఆడపిల్ల పుడితే పొయ్యి దగ్గరికి కుర్చీ లాక్కుని, సిగరెట్టు వెలిగించి, వాతావరణం గురించి మాట్లాడుకుంటారు. నేను పుట్టినప్పుడు వానలు ఆలస్యమయ్యాయని మాట్లాడుకున్నారట. నా తరువాత ఇద్దరు చెల్లెళ్లప్పుడూ వాతావరణమే. నాలుగోసారి అమ్మ కడుపుతో ఉన్నప్పుడు మాత్రం నాన్న మంచి గిత్తను తోలుకుని నిక్షిచ్ పట్నం సంతకు వెళ్లి, సాయంత్రానికి గిత్త లేకుండా, నడుముకు రివాల్వర్‌తో తిరిగొచ్చాడు.

మామూలు రివాల్వర్ కాదది. క్రాగుయెవాట్స్‌లో తుపాకుల కర్మాగారంలో తయారైన కొత్త రకం. ఆరు తూటాలు పట్టే చక్రం ఒకటి తుపాకీలోనే ఉంటే, ఇంకొకటి విడిగా నూనెగుడ్డలో చుట్టి ఇచ్చారు. మొదటి చక్రంలో పొడుగు తూటాలు పడతాయి, అదే లావున్న పొట్టి రకమూ పడుతుంది. అది విప్పి రెండో చక్రం బిగిస్తే మామూలు పిస్తోలు తూటాలు పడతాయి. అంటే మా ఊళ్లో ప్రతి మగాడి నడుముకీ ఉండే తొమ్మిది మిల్లీమీటర్లవి. గొట్టం మాత్రం అన్నిటికీ ఒకటే. నాన్న దాన్ని చంటిపిల్లాణ్ణి చూపించినట్టు ఇంటింటికీ తీసుకెళ్లి చూపించాడు.

“దీనికి తిండి దగ్గర పేచీ లేదు. ఏది పెడితే అది తింటుంది,” అనేవాడు. “నా కొడుకు పుట్టిన రోజున తూటాలు అయిపోయాయన్న మాట నా ఇంట్లో వినపడకూడదు.”

పుట్టింది స్టానా. ఆ పేరుకు మా దగ్గర ‘ఇక ఆగు’ అని అర్థం. ఆడపిల్లలు వరసగా పుడుతుంటే ఇక చాలని దేవుడికి చెప్పడానికి పెట్టే పేరు. నాకప్పుడు ఇరవై ఏళ్లు. పొత్తిళ్లలో దాన్ని ఎత్తుకుని గది గుమ్మంలో నిలబడ్డది నేనే. నాన్న రివాల్వర్ ఒళ్లో పెట్టుకుని గడప మీద చాలాసేపు కూర్చున్నాడు. తరువాత లేచి, దాన్ని గోడకున్న మేకుకు తగిలించి, ఈ ఏడు గడ్డి బాగా పెరిగేలా ఉందన్నాడు.

ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. చల్లారకుండా నేనే చూసుకున్నాను.

మరుసటేడు మా పెదనాన్న కొడుకు వుకాషిన్ అన్నయ్యకు మగపిల్లాడు పుట్టాడు. నాన్న రివాల్వర్ తీసుకెళ్లి తన దగ్గరున్న పొడుగు తూటాలన్నీ వాళ్ల గడప మీద పేల్చి వచ్చాడు. అమ్మ ఆ సమయంలో పెరట్లో ఉన్ని ఉతుకుతోంది. మోత వినపడినప్పుడల్లా తడి ఉన్నిని రాతికేసి ఇంకాస్త గట్టిగా బాదింది. నోరు మాత్రం విప్పలేదు. వాళ్ల పిల్లాడి బాప్తిస్మం నాడు మళ్లీ పేల్చాలని నాన్న రెండో చక్రం కోసం చూస్తే అది కనపడలేదు. ఇల్లంతా తిరగేశాడు, గడ్డివాము కూడా విప్పించాడు. చివరికి తాగి ఎక్కడో పారేసుకుని ఉంటానని తనను తానే తిట్టుకున్నాడు. ఆ తరువాత యుద్ధమొచ్చింది, ఆంక్షలొచ్చాయి, మొదటి చక్రానికి పట్టే తూటాలు అంగళ్లలో కనపడడం మానేశాయి. అన్నీ తినే రివాల్వర్ పస్తు పడుకుంది. నాన్న పేరు మిలోనియా కాబట్టి ఊళ్లో దాన్ని ‘మిలోనియా మూగ తుపాకీ’ అని పిలవడం మొదలుపెట్టారు.

నాన్న పోయి చాలా ఏళ్లయింది. అమ్మ యోకా పోయిన చలికాలంలో పోయింది. నడిమి చెల్లెళ్లిద్దరూ పెళ్లిళ్లు చేసుకుని దూరాన ఉన్నారు, స్టానా రాజధాని పొద్గోరిత్సాలో ఆసుపత్రిలో నర్సు. ఇంట్లో నేనూ, గొర్రెలూ, మేకుకు ఆ మూగ తుపాకీ. నేనెందుకు పెళ్లి చేసుకోలేదంటే, అడిగినవాళ్లు నాకు నచ్చలేదు, నచ్చినవాడు అడగలేదు. అంతకంటే పెద్ద కథేమీ లేదు.

వుకాషిన్ అన్నయ్య మాత్రం దాన్ని పెద్ద కథ చేశాడు. మగదిక్కు లేని ఇంటిని మా వాళ్లు ‘పొయ్యి ఆరిన ఇల్లు’ అంటారు. అతను మా పొయ్యి పక్కనే కూర్చుని, దాని మీద కాచిన కాఫీ తాగుతూ, “పాపం, బాబాయి పొయ్యి ఆరిపోయింది,” అనేవాడు. వెళ్లేటప్పుడు ఇంకో ముచ్చట. మా దగ్గర అతిథి వెళుతూ ఇంటి యజమాని మొహం చూసి “యజమానీ, నీ ఇల్లు నిండుగా ఉండాలి,” అనాలి. నాన్న పోయాక అన్నయ్య ఆ మాట నాతో ఎప్పుడూ అనలేదు. అలాగని మానేసే మనిషీ కాదు, ఆచారమంటే ప్రాణం పెడతాడు. గోడకున్న తుపాకీ వైపు తిరిగి, దానితో చెప్పి వెళ్లేవాడు. పాలు పితికేదాన్ని, గడ్డి కోసేదాన్ని, పన్ను కట్టేదాన్ని నేను. నమస్కారాలు మాత్రం మేకుకు.

ఈ మే నెలలో సంతలో జున్ను అమ్ముకుంటుంటే స్టానా ఫోన్ చేసింది.

“అక్కా, పాప పుట్టింది.”

కడుపుతో ఉందని నాకు తెలుసు. బిడ్డ తండ్రి తప్పుకున్నాడనీ తెలుసు.

“ఎలా ఉన్నారే ఇద్దరూ?”

“బానే ఉన్నాం. వాడి పేరు రాయించలేదక్కా. మన ఇంటిపేరే పెట్టించా. ఇంటికి రావాలనుంది. కానీ ఊళ్లోవాళ్ల మొహాలు తలుచుకుంటే... సాయంత్రం బస్సుకొచ్చి, చీకటి పడ్డాక నడుచుకుంటూ వస్తాలే.”

“చీకటి పడ్డాకా? నువ్వేమన్నా గొర్రెను ఎత్తుకొస్తున్నావా?” నాకు ఒళ్లు మండిపోయింది. “మిట్టమధ్యాహ్నం రా. కారు మాట్లాడుకుని హారన్ కొట్టుకుంటూ రా. నీ బిడ్డ మన గడప తొక్కిన రోజున నాన్న తుపాకీ పేలుతుంది. పేలకపోతే నన్ను యాగ్లికా అని పిలవకు.”

“ఆ మూగదాన్ని ఎలా పేలుస్తావే?” అది నవ్వింది, కానీ నవ్వులో తడి ఉంది. “నాకోసం కొని తెచ్చిందే నాకు పేలలేదు.”

“మాట ఇచ్చేశాను. తుపాకీ సంగతి తరువాత చూసుకుంటా. ఆ మోత వినపడితే నీ బిడ్డ ఈ ఇంటిది. వినపడకపోతే చాటుగా తెచ్చుకున్న బిడ్డ. నా ఇంట్లో చాటు బిడ్డలు లేరు.”

పక్కన ఉల్లిపాయలు అమ్ముతున్న విదోసావా ఇదంతా విన్నది. మా పొరుగింటి మనిషి, నా వయసుదే. అంటే సాయంత్రానికి ఊరంతా విన్నట్టే.

పాపకు మేజోళ్లు అల్లుదామని అమ్మ ఊలు బుట్ట ముందుకు లాగాను. అందులో ఒక పెద్ద బూడిదరంగు ఉండ ఉంటుంది. అమ్మ ఏటా కొత్త నూలు దాని మీదే చుట్టి, పైపొరల నుంచే అల్లుకునేది. ఎప్పుడూ ఆఖరు దాకా రానిచ్చేది కాదు. ‘లోపలిది మొదలు, దాన్ని ముట్టుకోవద్దు’ అని మమ్మల్ని కసిరేది. అమ్మ లేదు, కసిరేవాళ్లు లేరు. మేజోళ్లు అయ్యాయి, టోపీ అయింది, ఊలు ఇంకా వస్తుంటే చిన్న దుప్పటి మొదలుపెట్టాను. లోపలికి వెళ్లేకొద్దీ నూలు ముతకగా, నల్లగా మారింది. అది మా పాత నల్లగొర్రెది, స్టానా చిన్నప్పుడు చచ్చిపోయిన గొర్రె. ఆ ఉండ చిక్కిపోయింది కానీ బరువు తగ్గలేదు. ఒక పొద్దున అది ఒళ్లోంచి జారి పడితే నేల మీద టంగుమంది.

లోపల నూనెగుడ్డ. గుడ్డలో చక్రం. చక్రంతో పాటు చంద్రవంక ఆకారంలో ఉన్న ఇనుప రేకులు రెండు, ఒక్కోటి మూడేసి పిస్తోలు తూటాలను పట్టి ఉంచేవి, కానీ ఖాళీవి. మిలమిలా మెరుస్తున్నాయి. ఇన్నేళ్లూ గొర్రె ఊలు వాటిని తుప్పు పట్టనివ్వలేదు.

నేను ముందు నవ్వాను. పొయ్యి పక్కన ఒక్కదాన్నే కూర్చుని పిచ్చిదానిలా నవ్వాను. నాన్న గడ్డివాము విప్పిస్తుంటే అమ్మ ఇదే ఉండ ఒళ్లో పెట్టుకుని, ఇక్కడే కూర్చుని అల్లుతూ ఉంది. ‘ఎక్కడ పోతుంది, కనపడుతుందిలే’ అని కూడా అంది. నా బిడ్డకు పేలనిది ఎవడి కొడుక్కీ పేలదని ఆమె ఎవరితోనూ అనలేదు. ఉన్ని చుట్టింది, అంతే. బతికినన్నాళ్లూ చుట్టింది. అమ్మను నేను నోరు లేని మనిషి అనుకున్నాను. అది తలుచుకున్నాక ఏడుపొచ్చింది. బాగానే ఏడ్చాను.

గడ్డి కోసే యంత్రాన్ని విప్పి బిగించుకునే దాన్ని, నాకు ఇదొక లెక్క కాదు. పాత చక్రం తీసి కొత్తది బిగించాను. వేలితో తిప్పితే సన్నగా చప్పుడు చేస్తూ తిరిగింది. మళ్లీ మేకుకు తగిలించాను. చూసేవాళ్లకు ఏ తేడా తెలియదు.

ఇక కావలసింది తూటాలు. మా ఊళ్లో పిండికి కరువొస్తుందేమో కానీ వాటికి రాదు. అయినా నాకు దొరకలేదు. రివాల్వర్ నా పేరు మీదే ఉంది, కానీ లైసెన్సు కాగితంలో పొడుగు రకం ఒక్కటే రాసి ఉందని అంగడివాడు మామూలువి అమ్మనన్నాడు. పొడుగువి ఇవ్వవయ్యా అంటే అవి చూసి ఎన్నాళ్లయిందో గుర్తులేదన్నాడు. ఊళ్లో అడుగుదామని బయలుదేరితే తలుపులు ఒకదాని తరువాత ఒకటి మూసుకుపోయాయి. నిన్నటిదాకా కోడి ఎగిరొచ్చినా తుపాకీ పేల్చినవాళ్లు, మా ఇంట్లో ఒక్కటి కూడా లేదమ్మా అన్నారు.

విదోసావా వచ్చి అసలు సంగతి చెప్పింది.

“మీ అన్నయ్య ఇల్లిల్లూ తిరిగి చెప్పొచ్చాడే. తండ్రి లేని ఆడపిల్లకి తుపాకీ పేలిస్తే మన వంశం పరువు గంగలో కలుస్తుందంట. యాగ్లికాకి తూటా ఇచ్చినవాడి గడప తొక్కనన్నాడంట.”

“ఆ మూగదానికి ఏ తూటా పడుతుందని వాడి భయం?”

“పడుతుందని కాదే. నువ్వు ఎవడి పిస్తోలో అడిగి తెచ్చి పేలుస్తావని. మా ఆయనైతే తూటాలన్నీ పిండి డబ్బాలో పూడ్చిపెట్టాడు. నాకు తెలీదనుకుంటున్నాడు, ఎర్రి మొహం. రొట్టెలు చేసేది ఎవరంట?” కళ్లెగరేసింది. “గుప్పెడు తెచ్చియ్యనా?”

ఆశ పుట్టింది. అబద్ధమెందుకు, గట్టిగానే పుట్టింది. కానీ వద్దన్నాను.

“దొంగ తూటాలతో పేలిస్తే రేపు దొంగ బిడ్డ అంటారు. ఎవడో ఒకడు తన చేత్తో ఇవ్వాలి.”

“ఈ ఊళ్లోనా? ఇచ్చినట్టే!” అంది విదోసావా, లేచి పావడా దులుపుకుంటూ.

స్టానా మిట్టమధ్యాహ్నమే వచ్చింది. హారన్ కూడా కొట్టించింది. కారు దిగి, బిడ్డను గుండెకు హత్తుకుని, తల ఎత్తుకునే నడిచింది కానీ పెదవులు పాలిపోయి ఉన్నాయి. గడప దాటుతూ నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. దానికి అర్థమైంది. పేలకపోయినా నన్ను యాగ్లికా అనే పిలుస్తుంది, నాకు తెలుసు. అదే నాకు మరీ బాధనిపించింది.

పురుడు చూడ్డానికి ఆడవాళ్లు వచ్చారు. ఆడపిల్ల అయితే మగవాళ్లు రారు, ఆడవాళ్లే వస్తారు. తేనెలో ముంచిన ప్రిగానిత్స బూరెలు తెచ్చారు, చిన్న గౌన్లు తెచ్చారు, దిండు కింద నాణేలు పెట్టారు. పుట్టిన బిడ్డ దగ్గరికి వట్టి చేతులతో రాకూడదు, అది బిడ్డ నోట్లో ముద్ద లాక్కున్నంత తప్పు. బీదరాలైతే గుడ్డు తెస్తుంది. అందరూ కాఫీలు తాగుతూ బిడ్డ ముక్కు గురించి మాట్లాడుకుంటుంటే బయట చేతికర్ర చప్పుడైంది.

వుకాషిన్ అన్నయ్య. నల్ల కోటు, దువ్విన మీసాలు, నడుముకు పిస్తోలు. బిడ్డను చూడ్డానికి రాలేదు, అడ్డుకోడానికి వచ్చాడు. నేను లేచి వెళ్లి గడప మీద నిలబడ్డాను, నాన్న నిలబడే చోటే. ఎందుకు చేశానో చెప్పలేను, అరచెయ్యి ముందుకు చాచాను.

మా దగ్గర అతిథి గడప దగ్గరే తన తుపాకీ తీసి యజమాని చేతిలో పెడతాడు. ఆ ఇంట్లో ఉన్నంతసేపూ అతని ప్రాణం యజమాని పూచీ. అతను కూడా ఆ కప్పు కింద గొంతు పెంచకూడదు, చెయ్యి ఎత్తకూడదు. నాన్న పోయాక అన్నయ్య తన పిస్తోలు తనే తీసి గోడకు తగిలించుకునేవాడు. ఆ రోజు కోపంలో ఉన్నాడు, మెట్లెక్కిన ఆయాసంలో ఉన్నాడు, ఎదురుగా చాచిన చెయ్యి కనపడింది. యాభై ఏళ్ల అలవాటు. పిస్తోలు తీసి నా చేతిలో పెట్టేశాడు.

పెట్టాక గానీ తెలిసిరాలేదు. నా చేతి వైపు, నా మొహం వైపు చూశాడు. లోపల ఆడవాళ్లు కాఫీ తాగడం ఆపేశారు.

“రా అన్నయ్యా, కూర్చో,” అన్నాను.

కూర్చున్నాడు. వెనక్కి ఇమ్మని అడిగితే ఇంటి ఆతిథ్యాన్ని నమ్మనట్టు. ఆచారం తెలిసిన మనిషి, అడగలేదు. రకియా సారా పోశాను. తాగి మీసం తుడుచుకున్నాడు.

“యాగ్లికా, ఊరంతా నవ్వుతున్నారే. ఆడపిల్లకి తుపాకీ ఏంటి? అందులోనూ తండ్రెవరో తెలీని...”

“తండ్రెవరో నాకు తెలుసు వుకాషిన్ అన్నయ్యా,” అంది స్టానా మంచం మీంచి. “నాకు తెలిస్తే చాలు.”

“నువ్వు ఊరుకో. నీతో కాదు.” గొంతు పెరగబోయింది, తగ్గించుకున్నాడు. “చూడు యాగ్లికా, బాబాయి బతికుంటే ఒప్పుకునేవాడా?”

“నాన్న ఒప్పుకోడానికే ఆ గడప మీద అంతసేపు కూర్చున్నాడు, ధైర్యం చాలక లేచాడు. నాకు చాలుతుంది.” అంతవరకూ అలా అని నాకే తెలియదు. ఆ మాట నోట్లోంచి వచ్చాక అదే నిజమనిపించింది. “అది సరే, పుట్టిన బిడ్డ ఇంటికి వచ్చావు. బిడ్డకేం తెచ్చావు?”

అతను తడబడ్డాడు. జేబు మీద చెయ్యి వేసి తీసేశాడు. ఆడపిల్లకు అతను ఎప్పుడూ ఏమీ తేలేదు, తేవాలని తట్టలేదు. విదోసావా చెంచాతో కప్పును టక టకమని కొట్టింది.

“మా ఇంటి పక్క ముసలమ్మ గుడ్డు తెచ్చిందయ్యా,” అంది అమాయకంగా. “కోడి కూడా ఒకటే ఉంది దానికి.”

అన్నయ్య మొహం ఎర్రబడింది. ఆ ఎరుపు చూసి నాకు జాలి కలగలేదు. ఇన్నేళ్లూ మేకుకు నమస్కారం పెట్టిన మొహం అది.

“తూటాలిస్తావా?” అన్నాను. “నాన్న తుపాకీకి.”

అతను ఒక్క క్షణం నమ్మలేనట్టు చూసి, పెద్దగా నవ్వాడు. గండం గడిచిన నవ్వు అది.

“ఆ గోడ మీది బొమ్మకా? ఓసి పిచ్చిదానా! దాని చక్రం పోయి ముప్పై ఏళ్లయింది. నా పిస్తోల్లో ఉన్నవి మామూలు తూటాలే. అవి దాంట్లో పూర్తిగా దిగవు.” తొడ మీద చరుచుకున్నాడు. “సరే, విను. అందరూ వినండి. నా తూటా ఆ మూగదాంట్లో పట్టిందా, ఉన్నవన్నీ నీ బిడ్డకి కానుక. వుకాషిన్ మాట.”

“మాటేనా?”

“మాటే.”

మా కొండల్లో మగాడు ఇల్లు తాకట్టు పెట్టి విడిపించుకోగలడు, మాట ఇస్తే మాత్రం వెనక్కి తీసుకోలేడు. నేను అతని పిస్తోలు తూటాల డబ్బా జార్చి, ఆరు తూటాలు బయటికి తీశాను. ఒక్కొక్కటే చంద్రవంక రేకుల్లో గుచ్చాను. గదిలో ఆ క్లిక్కు క్లిక్కులు తప్ప ఇంకేం లేదు. అన్నయ్య నవ్వు ఇంకా మొహం మీదే ఉంది కానీ కళ్లు నవ్వడం లేదు. మేకు మీంచి నాన్న రివాల్వర్ తీసి చక్రం పక్కకు తెరిచాను. మూడు ఇటు, మూడు అటు. అన్నీ తమ ఇల్లు తెలిసినట్టు కూర్చున్నాయి. చక్రం మూశాను.

“అది... ఆ చక్రం ఎక్కడిది?”

“అమ్మ ఊలు ఉండలోంచి.”

అతను లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. “యోకా పిన్ని దాచిందా?”

“నీ కొడుకు బాప్తిస్మానికి ముందే దాచింది. నాన్న వెతుకుతుంటే పక్కనే కూర్చుని అల్లుకుంది.”

విదోసావా గట్టిగా నవ్వబోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అన్నయ్య మొహంలో కోపం ఉంటుందనుకున్నాను. దెబ్బ తిన్నట్టు ఉంది. అరచేత్తో మోకాలు రుద్దుకుంటూ కూర్చున్నాడు.

బిడ్డను లోపలి గదిలో విదోసావాకు అప్పగించి, చెవుల మీదికి ఊలు టోపీ లాగమన్నాను. గడప మీద నిలబడ్డాను. మావాళ్లు ఆకాశంలోకి పేలుస్తారు, ఆ తూటా ఎవడి నెత్తిన పడుతుందో చూసుకోరు. మా ఇంటి ముందు వాగు అవతల ఎత్తైన మట్టి కట్ట ఉంది, ఎవరూ తిరగని చోటు. దానికి గురిపెట్టి నొక్కాను.

ముప్పై ఏళ్లు మూగగా ఉన్నది ఒక్కసారి అరిస్తే ఎలా ఉంటుందో నేను చెప్పలేను. భుజం దాకా జల్లుమంది. కట్ట మీంచి మట్టి రాలింది. రెండోది. మూడోది. లోపల బిడ్డ ఏడుపు అందుకుంది, మంచి గొంతు.

“ఇవి పాపవి,” అన్నాను. రివాల్వర్ తిప్పి, మంచం దిగి నా వెనకే వచ్చిన స్టానా చేతికి ఇచ్చాను. “మిగిలిన మూడూ నీవి. ఆలస్యమయ్యాయి, అంతే.”

అది కాసేపు దాన్ని చూస్తూ నిలబడింది. తనకోసం గిత్తనమ్మి కొన్న వస్తువును అది అంతవరకూ చేత్తో తాకలేదు. తరువాత రెండు చేతులతో ఎత్తి, పళ్లు బిగపట్టి, వరసగా మూడూ పేల్చింది. పేల్చాక దాని కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, కానీ తల వంచుకోలేదు. కోపంగా ఏడ్చింది. నాకు ఎంత గర్వంగా అనిపించిందో.

లోయంతా నిశ్శబ్దం. జవాబు రావాలి. జవాబు రాని మోత సగం మోతే. ఎదుటి కొండ మీద ఇళ్లు కనపడుతున్నాయి, వాకిళ్లలో మనుషులూ కనపడుతున్నారు. ఎవరూ కదలలేదు. అన్నయ్య లేచి వచ్చి నా వెనక నిలబడ్డాడు. అతని ఊపిరి వినపడుతోంది.

అప్పుడు విదోసావా వాళ్ల ఇంటి వైపు నుంచి ఢామ్మని ఒక్కటి.

“పిండి డబ్బా తెరిచాడు!” విదోసావా బిడ్డను ఎత్తుకునే బయటికి పరుగెత్తుకొచ్చింది. “మా ఆయనే! మా గడప ఇక తొక్కవుగా వుకాషిన్, నాకు కాఫీ ఖర్చు తగ్గింది!”

తరువాత ఎదుటి కొండ మీంచి ఒకటి. కాసేపు ఆగి, కింద వాగు దగ్గరి ఇంటి నుంచి ఇంకొకటి. అందరూ పేల్చలేదు. మూడిళ్లు పేల్చాయి. ఇప్పుడు నా జున్ను మొదట ఆ మూడిళ్లకే వెళుతుంది.

అన్నయ్య కోటు గుండీలు పెట్టుకున్నాడు. నేను అతని పిస్తోలు, మిగిలిన తూటాలతో సహా, తిరిగి చేతిలో పెట్టాను. ఉన్నవన్నీ బిడ్డవే అన్నాడు కానీ, నాకు ఆరు చాలు.

“పేరేం పెడుతున్నారు?” అని అడిగాడు, బిడ్డ వైపు చూడకుండా.

“యోకా,” అంది స్టానా.

అతను తల ఊపాడు. వెళ్లడానికి గడప దగ్గర ఆగి, అలవాటు ప్రకారం గోడ వైపు తిరిగాడు. గోడ మీద వట్టి మేకు ఉంది. అతను కాసేపు ఆ మేకునే చూశాడు. తరువాత గదంతా కలియజూశాడు. రివాల్వర్ నా నడుముకు ఉంది. మా వుకాషిన్ అన్నయ్య ఆచారం తప్పే మనిషి కాదు. చూపు రివాల్వర్ మీదికి తెచ్చాడు, అక్కణ్ణుంచి మెల్లగా నా మొహం దాకా తెచ్చాడు.

“యజమానీ,” అన్నాడు బొంగురుగా, “నీ ఇల్లు నిండుగా ఉండాలి.”

“ఉంది అన్నయ్యా,” అన్నాను. “మళ్లీ రా. పొడుగువో పొట్టివో, నీ దగ్గర ఏవుంటే అవి తీసుకునే రా. ఈ ఇంట్లో అన్నీ పడతాయి.”